కుర్చీ మీద పిక్కలు, గుండె దగ్గర అంజలి

నాకు నడుము అడుగున ఎల్5, ఎస్1 అనే వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారింది. నొప్పి పిరుదు నుంచి పిక్క మీదుగా కాలి చిటికెన వేలి దాకా లాగేది. పాదం బయటి అంచు మొద్దుబారింది. నొప్పి కాస్త తగ్గి, ఇక కదలమని డాక్టరు చెప్పాకే యోగా మొదలుపెట్టాను.

ఆ యోగాలో నాకు ముఖ్యమైనది కృతజ్ఞత. కృతజ్ఞతంటే సాధన చివర చేసే ప్రార్థన కాదు. ఎక్కడ ఏ కాస్త బాగుందో పసిగట్టే అలవాటు. పతంజలి చెప్పిన ఐదు నియమాల్లో రెండోదైన సంతోషం దీనికి దగ్గరిది. ధ్యాసంతా నొప్పి లాగేసుకుంటుంది కాబట్టి జబ్బులో ముందు పోయేది ఈ అలవాటే.

వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టాలి. తుంటి దగ్గరా మోకాలి దగ్గరా మడత సుమారు 90 డిగ్రీలుండాలి. కుర్చీ ఎత్తయి పిరుదులు లేస్తుంటే కింద దుప్పటి మడిచి వేసుకోవాలి. 4 లెక్కల్లో గాలి తీసుకుని 6 లెక్కల్లో వదలాలి. వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, ఆ రెండు లెక్కలు ఎక్కువ పెట్టింది అందుకే. ఆయాసమైతే 3 లెక్కల్లో తీసుకుని 4 లెక్కల్లో వదిలితే చాలు, బిగబట్టడం మాత్రం వద్దు.

పది శ్వాసలయ్యాక అసలు పని. గాలి వదిలిన ప్రతిసారీ ఒక్కో భాగం దగ్గర ఆగి, ఆ రోజు అది చేసిన పనిని తలుచుకోవాలి. 'శరీరమా, ధన్యవాదాలు' అంటే మనసుకి అంటదు. 'ఎడమ మడమా, మంచం దిగేటప్పుడు బరువంతా నువ్వే మోశావు' అంటే అంటుంది. ఐదారు భాగాలు చాలు. నొప్పి కాలిని దాటేయకూడదు, దాని మీద లేని ప్రేమ నటించనూ కూడదు. 'ఇవాళ పిక్క దాకా ఉంది' అనుకుని ముందుకి జరగడమే. బలవంతం చేస్తున్నామో లేదో దవడ చెప్పేస్తుంది, పళ్లు బిగుసుకుంటాయి.

తర్వాత బోర్లా తిరిగి, తల చేతుల మీద ఆనించి పడుకునే మకరాసనం 2 నిమిషాలు. ఓర్చుకోగలిగితే మోచేతుల మీద ఆని ఛాతీ పైకెత్తే భుజంగాసనం. నొప్పి కాల్లోంచి నడుము వైపు వెనక్కి వస్తుంటే, నడుములో కాస్త పెరిగినా మంచి గుర్తే. మోకాలు దాటి కిందికి దిగుతుంటే ఆపేయాలి. కూర్చుని ముందుకి వంగే పశ్చిమోత్తానాసనం, నిలబడి వంగే పాదహస్తాసనం ఈ దశలో వద్దు. ముందుకి వంగితే డిస్క్ వెనక్కి, నరం వైపు నెట్టుకొస్తుంది. వంగి దండం పెడితేనే కృతజ్ఞత అనుకునేవాళ్లకి ఇది రుచించదు. నడుము ఒప్పుకోనప్పుడు అంజలి గుండె దగ్గరే ఉండనివ్వండి.

లేచేటప్పుడు సూటిగా లేవకూడదు. పక్కకి ఒత్తిగిలి, మోకాళ్లు ముడిచి, చేతులతో నేలని నెట్టి లేవాలి.

మలమూత్రాల మీద అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి ఎత్తలేకపోయినా చాప అక్కడే వదిలేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అవి శ్వాసతో తగ్గేవి కావు.

రాత్రి పడుకునే ముందు ఒకే వాక్యం రాయాలి. 'అంతా బాగుంది' లాంటివి వద్దు, కంటికో చర్మానికో తెలిసినదే రాయాలి. నేను రాసుకున్నవాటిలో నాకిష్టమైనది ఒక ఫిర్యాదు: 'ఇవాళ సాక్సు కుట్టు చిటికెన వేలికి గుచ్చుకుంది.'