డాక్టరు వచ్చేలోపు: ట్రయాజ్ నర్సుగా నా అనుభవం

హైదరాబాద్‌లో ఒక పిల్లల ఆసుపత్రి ఎమర్జెన్సీలో స్టాఫ్ నర్సుని. వచ్చిన బిడ్డను ముందు చూసి, ఎవరు ఆగగలరో, ఎవరు ఆగలేరో తేల్చే పని, అంటే ట్రయాజ్, ఇప్పుడు మాది. డాక్టరు వచ్చేలోపు కొన్ని మందులు మేమే మొదలుపెట్టొచ్చు.

దీనికోసం చేసిన పాల్స్ కోర్సు (గుండె, ఊపిరి ఆగిపోయే స్థితిలో ఉన్న పిల్లల్ని కాపాడే శిక్షణ) అందరూ భయపెట్టినంత కష్టమేం కాదు. ఇద్దరుంటే ఛాతీని 15 సార్లు నొక్కి 2 శ్వాసలు, వేగం నిమిషానికి 100 నుంచి 120. రెండు రోజులు భుజాలు పీకాయి, అంతే. నాకు ఎక్కువ పనికొచ్చింది ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఈటాట్ పద్ధతి, అంటే ప్రాణం మీదికొచ్చిన పిల్లల్ని రాగానే గుర్తించి చికిత్స మొదలుపెట్టడం. అందులో రెండు నెలల్లోపు బిడ్డ ఏ జబ్బుతో వచ్చినా వరుసలో వెనక నిలబెట్టకూడదు.

చిక్కంతా సంతకం దగ్గరే వచ్చింది. ఇన్నాళ్లూ డ్యూటీ డాక్టరు ఫోన్లో "నెబులైజేషన్ పెట్టేయమ్మా" అంటే పెట్టేవాళ్లం, కేస్ షీట్‌లో రాత తర్వాతెప్పుడో పడేది. తేడా వస్తే ఆ మందు పెట్టమన్నది ఎవరని చూపించాలి? అందుకే ఏ మందు, కిలోకి ఎంత, ఎక్కడ ఆపి డాక్టర్ని పిలవాలి అన్నీ కాగితం మీద ఉంటేనే చేస్తామన్నాం. పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాములు అన్న ఒక్క లైను మీదే బోలెడు చర్చ. ఇంట్లో అప్పటికే సిరప్ పట్టించి తెస్తారు కదా, చివరి డోసు ఎప్పుడిచ్చారో అడిగి రాశాకే ఇవ్వాలని చేర్చారు. తర్వాత కొన్నాళ్లు సీనియర్ డాక్టరు పక్కన నిలబడి చూసి, మా ఒక్కొక్కరి పేరు మీద విడిగా అనుమతి రాశారు.

వానాకాలం, డెంగీ రోజులు. ఒకాయన కేకలు: "మా వాడు ఇంతలా ఏడుస్తుంటే, ఊరికే పడుకున్న పాపని ముందు పంపుతారేంటి సిస్టర్?" ఆ పాపకి పొద్దున్నే జ్వరం తగ్గిందట, తల్లి ఊరటగా చెబుతోంది. డెంగీలో జ్వరం దిగే వేళే షాక్‌లోకి (ఒంటికి రక్తం సరిగా అందని స్థితిలోకి) జారే ప్రమాదం. చేతులు చల్లగా ఉన్నాయి, గోరు నొక్కి వదిలితే 3 సెకన్లు దాటినా ఎరుపు తిరిగి రాలేదు. డాక్టరు పరిగెత్తుకొచ్చేసరికి ఆక్సిజన్ నడుస్తోంది, ఐవీ లైన్ పెట్టేశాం. కేకలేసిన ఆయనకు సర్దిచెప్పడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

జీతం పాత స్కేలే. నరం దొరకనప్పుడు కాలి ఎముకలోకి సూది వేయడం బొమ్మ మీద నేర్చుకున్నాం గానీ పిల్లలకు వేసే అనుమతి రాలేదు. ఆ ఫైలు ఇంకా సూపరింటెండెంట్ గారి టేబుల్ మీదే ఉంది.