బెల్లా కూలాకు దిగే ఇరవయ్యో నంబరు రోడ్డు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేటప్పుడు దోమలపెంట దాటి ఘాట్ మలుపుల్లో కృష్ణ వైపు దిగుతుంటే, ఈ కొండకు మొదట దారి తీసినవారెవరోనని మా నాన్నగారు ప్రతిసారీ అనేవారు. మారేడుపల్లిలోని మా ఇంట్లో కెనడా పటాన్ని ముందేసుకుని బ్రిటిష్ కొలంబియా ప్రావిన్స్‌లోని హైవే 20 గురించి చదువుతున్నప్పుడల్లా నాకు ఆయన మాటే గుర్తుకు వస్తుంది.

ఈ రోడ్డు విలియమ్స్ లేక్ పట్టణంలో మొదలై, ఫ్రేజర్ నదిని దాటి, చిల్కోటిన్ పీఠభూమి మీద పచ్చిక మైదానాలు, పశువుల క్షేత్రాల నడుమ అలెక్సిస్ క్రీక్, టాట్లా లేక్, అనాహిమ్ లేక్ ఊళ్ల మీదుగా సాగి, సుమారు 450 కిలోమీటర్ల తరువాత బెల్లా కూలా వద్ద సముద్రపు పాయను చేరుతుంది. అది నుహాల్క్ అనే ఆదివాసీ ప్రజల నేల. 1793లో అన్వేషకుడు అలెగ్జాండర్ మెకెంజీ పసిఫిక్ తీరానికి చేరింది ఈ లోయ గుండానే, అక్కడి ప్రజలు తరతరాలుగా నడిచిన బాటల మీదనే. 1894లో నార్వే మూలాలున్న కుటుంబాలు వచ్చి, అదే లోయలో హేగెన్స్‌బర్గ్ ఊరిని కట్టుకున్నాయి.

అయితే అప్పట్లో లోయ వాసులు బయటి ఊళ్లకు వెళ్లాలంటే ఎక్కువగా పడవే గతి. పీఠభూమి మీది రోడ్డు అనాహిమ్ లేక్ దగ్గరే ఆగిపోయేది. కోస్ట్ పర్వతాలలో మిగిలిన సుమారు 60 కిలోమీటర్లకు రోడ్డు వేయడం సాధ్యం కాదని ప్రభుత్వం చెబుతూ వచ్చింది. చివరకు 1952లో స్థానికులే పనికి పూనుకున్నారు. పైనుంచి ఆల్ఫ్ బ్రేస్‌వెల్ నడిపిన బుల్‌డోజర్, కింది లోయ నుంచి మరొకటి, రాళ్లను పేల్చుకుంటూ, చెట్లను తొలగించుకుంటూ ఒకదానికొకటి ఎదురుగా వచ్చి, 1953 సెప్టెంబరులో కలుసుకున్నాయి. బయటి ప్రపంచానికి తమను కలిపిన ఆ దారిని జనం ఫ్రీడమ్ రోడ్ అని పిలుచుకున్నారు. ఆ పేరు వారికే చెల్లుతుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

అక్కడివారు 'ద హిల్' అనే ఘాట్‌ను చూస్తే ఆ పని బరువు తెలుస్తుంది. సుమారు 1,500 మీటర్ల ఎత్తున్న హెక్‌మన్ కనుమ దాటాక ట్వీడ్స్‌మ్యూర్ పార్కులో రోడ్డు ఇరుకైన హెయిర్‌పిన్ మలుపులతో దిగుతుంది. కొన్నిచోట్ల ప్రతి 100 అడుగులకు 18 అడుగుల చొప్పున వాలుతుంది. హైవేలో చాలా భాగానికి తారు పడినా, ఈ ఘాట్ మాత్రం కంకర రోడ్డుగానే ఉంది. దాన్ని దిగిన తరువాత దేవదారు చెట్ల నీడలో, నది వెంబడి సాగే దారి సముద్రపు రేవు దాకా తీసుకుపోతుంది.