ఆ పొడి డబ్బా కొనకుండానే ట్రైగ్లిజరైడ్స్ దిగాయి

నిన్న సాయంత్రం రిపోర్టు వచ్చింది. ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, 246 నుంచి 158కి దిగాయి. 150 లోపు ఉండాలి కాబట్టి ఇంకా కాస్త మిగిలే ఉంది, అయినా నాకు చాలా సంతోషంగా ఉంది. మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

పరీక్షలు తేలిగ్గానే అయిపోయాయి. నడుము, బీపీ, పరగడుపు షుగర్, ట్రైగ్లిజరైడ్స్, మంచి కొలెస్ట్రాల్ ఈ అయిదింటిలో మూడు తేడాగా ఉంటే చాలు ఈ జబ్బు కింద లెక్క. నాకు నాలుగు తేడా.

నరకం చూపించింది డైటీషియన్. విజయవాడలో పెద్ద ఆసుపత్రే. గది తలుపు బార్లా తీసి ఉంది, బయట కుర్చీల్లో మగవాళ్లు కూర్చుని ఉన్నారు, ఆ అమ్మాయి చీర మీదే నా నడుముకి టేపు చుట్టి "తొంభై ఆరు సెంటీమీటర్లు! ఆడవాళ్లకి ఎనభై దాటకూడదు ఆంటీ" అని అందరికీ వినపడేలా చదివింది. తల ఎత్తలేకపోయాను. పోనీ రోజూ ఏం తింటారని అడిగిందా అంటే అదీ లేదు. ముందే అచ్చేసి ఉంచిన కాగితం చేతిలో పెట్టింది. ఓట్స్, బ్రకోలీ, కివీ, ఆలివ్ నూనె! "మీ ఒంట్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఉంది, కింద షాపులో యాంటీ ఆక్సిడెంట్ పొడి ఉంటుంది, తీసుకోండి" అంది. అంటే ఏమిటమ్మా అని అడిగితే "చెప్పినా మీకు అర్థం కాదులెండి" అంది. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, నా దగ్గర చదివిన పిల్లలు ఇవాళ ఇంజనీర్లు, డాక్టర్లు. నాకు అర్థం కాదట!

తెనాలిలో మా పాత డాక్టరుగారు అయిదు నిమిషాల్లో చెప్పేశారు. పొయ్యిలో కట్టెలు ఎక్కువ కుక్కితే పొగ ఎక్కువొచ్చినట్టు, రక్తంలోకి అవసరానికి మించి చక్కెరా కొవ్వూ చేరితే కణాలు వాటిని వాడుకునేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే, కణాల్ని దెబ్బతీసే అణువులు ఎక్కువగా పుడతాయట. వాటిని అణచేవే యాంటీ ఆక్సిడెంట్లు. అణచడం ఒంటికి చేతకానప్పుడు వచ్చేదే ఆక్సిడేటివ్ స్ట్రెస్, దాంతో రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, దాంతో షుగర్ ఇంకా పెరుగుతుంది. మరి ఆ పొడో అని అడిగాను. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకి బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ బిళ్లలిచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లోనే తేలిందనీ, కూరల్లో ఉన్నది బిళ్లల్లో ఉంటుందని నమ్మొద్దనీ చెప్పారు.

ఇప్పుడు నా కంచంలో సగం కూరే. తోటకూర, గోంగూర, మునగాకు పప్పు, దొరికినప్పుడు ఉసిరికాయ పచ్చడి, అన్నం మాత్రం కొంచెం. రాత్రికి జొన్నరొట్టె. పునుగులు వేయించిన నూనె దాచి మళ్లీ తాలింపులకి వాడటం పూర్తిగా ఆగిపోయింది, ఎందుకంటే కాచిన కొద్దీ నూనె చెడి అదే ఈ స్ట్రెస్ పెంచుతుంది. వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె కాగి చెడినప్పుడు పుట్టే పదార్థాలు, 25 శాతం దాటితే ఇక వాడకూడదని ప్రభుత్వ నిబంధనే ఉంది, బజ్జీల బండి దగ్గర అది కొలిచేదెవరు? అందుకే అటు వెళ్లను. మావారు మొదట్లో "ఇదేం తిండే" అని సణిగారు, ఇప్పుడు జొన్నరొట్టె ఆయనే ముందు అడుగుతున్నారు.

ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదంటారు. ఆవకాయ ఉన్న ఇంట్లో ఇదే అన్నిటికన్నా కష్టం. బీపీ బిళ్లలు మాత్రం నేను ఆపలేదు, మీరూ సొంతంగా ఆపకండి. ఏం తింటారని అడగకుండా కాగితం చేతిలో పెట్టే డైటీషియన్ దగ్గర ఫీజు పోయినా సరే, లేచి వచ్చేయండి.

మంచి కొలెస్ట్రాల్ ఇంకా 41 దగ్గరే ఉంది, 50 దాటాలి. దానికి నడక పెంచమన్నారు, సాయంత్రాలు కాలవ గట్టు మీద నడుస్తున్నాను.