ఎక్స్‌టర్నల్ రాగానే మాట మార్చిన పేషెంట్: నా లాంగ్ కేస్ అనుభవం

ఫైనల్ ఇయర్ మెడిసిన్ ప్రాక్టికల్స్ నిన్నటితో అయిపోయాయి. కోపం చల్లారకముందే రాస్తున్నాను. షార్ట్ కేసులు సాఫీగా గడిచాయి. ఈసీజీ, ఎక్స్‌రే టేబుళ్ల దగ్గర కూడా ఎవరూ పీడించలేదు. నా ప్రాణం తీసింది లాంగ్ కేసే. ఒక పేషెంటుని మొత్తంగా పరీక్షించి, బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ (ఎక్స్‌టర్నల్) ముందు వివరించాలి.

పేషెంటుకి 40 లోపే ఉంటాయి, కూలి పని చేస్తాడు. కొన్నాళ్లుగా చలిజ్వరం, కుడి డొక్కలో నొప్పి. పక్కటెముకల మధ్య వేలు పెట్టి నొక్కగానే నా చెయ్యి పట్టేసుకున్నాడు. కళ్లలో పసుపు లేదు. సూదితో చీము తీశారట. "చింతపండు పులుసు లెక్కుండె బిడ్డా" అంది భార్య. పుస్తకాల్లో దీన్ని ఆంకోవీ అనే చిన్న చేపతో చేసే సాస్‌తో పోలుస్తారు, మా బ్యాచ్‌లో దాని మొహం చూసినవాళ్లు లేరు. కల్లు తాగే మగవాడు, జ్వరం, కాలేయం కుడివైపు ఒకటే గడ్డ. మన దగ్గర ముందు అమీబిక్ లివర్ యాబ్సెస్ (అమీబా వల్ల కాలేయంలో చీముగడ్డ) అనుకోవాలి. ఇంతవరకూ ఎవరైనా చెప్తారు.

చిక్కు తర్వాత వచ్చింది. ఆస్పత్రిలో చేరిన రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయట. మర్నాడంతా గోడ మీద చీమలు పాకుతున్నాయంటూ పక్కబట్టలు దులుపుతూనే ఉన్నాడట. ఇప్పుడు తేరుకున్నాడు గానీ చేతులు ఇంకా సన్నగా వణుకుతున్నాయి.

అందరి ముందు "తాగుతావా?" అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. భార్యని చాయ్ తెమ్మని పంపించి, స్టూలు దగ్గరకి లాక్కుని, "రోజుకి ఎన్ని సీసాలు?" అని మెల్లగా అడిగాను. "అయిదారు" అన్నాడు. చెట్టు కల్లా, దుకాణంలోదా?

"మందు కల్లే మేడం. చెట్టు కల్లు తాగితే నాకు నిద్ర పట్టది."

ఆ ఒక్క మాటతో సగం కేసు తేలిపోయింది. మందు కల్లులో కలిపేది క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలం లాంటి మత్తు, నిద్ర మందులు. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు కల్తీ కల్లుని కట్టడి చేసినప్పుడు, ఉన్నట్టుండి అది దొరక్క జనం ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఆస్పత్రులకి బారులు తీరారు. తెలంగాణలో చదివే మెడికోకి ఇది తెలియకపోతే ఎలా?

ఆఖరిసారి ఎప్పుడు తాగాడో కూడా అడిగి రాసుకున్నాను. చేరిన రోజు పొద్దున. అంటే జ్వరం బాగా మండిపోతున్న రోజుల్లో తాగుతూనే ఉన్నాడు, మాట తేడా రాలేదు. అమీబాని చంపే మెట్రోనిడజోల్ పడి, చీము తీసి, జ్వరం దిగుతున్నప్పుడు మతి తప్పింది (డెలీరియం). ఇన్ఫెక్షన్ వల్లే అయితే ముందే తప్పాలి కదా!

ఇదంతా పేపర్ మీద చక్కగా పెట్టుకుని కూర్చున్నాను. ఎక్స్‌టర్నల్ వచ్చారు. నేను హిస్టరీలో "కల్తీ కల్లు" అనగానే చెయ్యెత్తి ఆపేసి, మంచం వైపు తిరిగి, వార్డంతా వినపడేలా, "ఏమయ్యా, కల్లు తాగుతావా?" అన్నారు. భార్య, పక్క మంచాల అటెండర్లు, సిస్టర్లు, నా బ్యాచ్‌మేట్లు అందరూ ఇటే చూస్తున్నారు.

"లేదు సారూ. ఎప్పుడన్న పండుగకి ఇంత."

ఎక్స్‌టర్నల్ నా వైపు చూసి, "కథలు రాస్తావా అమ్మా నువ్వు?" అన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంటర్నల్ (మా కాలేజీ ఎగ్జామినర్) గారు ఫోన్‌లోంచి తల ఎత్తితే ఒట్టు. నాలుగున్నరేళ్లు ఆయన యూనిట్ చుట్టూ తిరిగాను.

అక్కడితో వదల్లేదు. "కల్లులో ఆల్కహాల్ ఎంత?" "సుమారు 4, 5 శాతం సార్." "దానికే డెలీరియమా?" "అందుకే సార్, ఆల్కహాల్ ఒక్కటే కాదేమో, ఆల్ప్రజోలం మానేసిన ప్రభావం కూడా ఉందనుకుంటున్నాను." "పేపర్లో చదివావా?" మళ్లీ నవ్వులు. చెవులు వేడెక్కిపోయాయి. ఏడుపొస్తే గెలిచేది ఆయనే, అందుకని పేషెంటుని నాలుక చాపమన్నాను. పక్కన కొరుక్కున్న గాటు ఇంకా మానలేదు. "ఫిట్స్ నిజమే సార్, అది కథ కాదు" అన్నాను.

ఆ తర్వాత ఆపకుండా చెప్పుకుపోయాను. ముందు షుగర్ పడిపోయిందేమో చూస్తాను. మెడ బిగుసుకోలేదు, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) తక్కువ అనుమానం. కామెర్లు లేవు, చాచిన చేతులు మణికట్టు దగ్గర రెక్కల్లా పడిపోవట్లేదు, కాబట్టి హెపాటిక్ ఎన్‌కెఫలోపతి (కాలేయం చెడి మతి తప్పడం) కాదు. మెట్రోనిడజోల్ మెదడు మీద పనిచేయడానికి మామూలుగా వారాలు పడుతుంది, ఇతను వాడింది రెండు రోజులే. మద్యం మానేసినప్పుడు ఫిట్స్ ఎక్కువగా మొదటి 48 గంటల్లో, డెలీరియం 48 నుంచి 96 గంటల మధ్య వస్తాయి. ఆల్ప్రజోలం మానేసినా ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. ట్రీట్‌మెంట్ అడిగితే గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ (విటమిన్ బి1), కాలేయం దెబ్బతిన్నా వాడగలిగే ఆల్ప్రజోలం జాతి మందు లోరజెపామ్, మెట్రోనిడజోల్ 800 మి.గ్రా. రోజుకు మూడుసార్లు, అది అయ్యాక పేగులో మిగిలిన అమీబాకి డైలాక్సనైడ్ 500 మి.గ్రా. మూడుసార్లు 10 రోజులు అన్నాను. "ఊఁ" అని పక్క బెడ్‌కి వెళ్లిపోయారు. అంతే.

జూనియర్లకి ఒకటే చెప్తాను: పేషెంటు మాటల్ని అతని మాటల్లోనే, టైముతో సహా రాసుకోండి. ఎక్స్‌టర్నల్ ముందు మాట మార్చితే మీ దగ్గర ఉండేది ఆ కాగితమొక్కటే. యాప్‌లో వీడియోలు చూసి లివర్ యాబ్సెస్ వల్లె వేసినవాడికి "మందు కల్లు" అన్న ప్రశ్న తట్టదు. వార్డులో ఇంకో రోగం ఉంది, "తాగుబోతు కేసు" అనేస్తే చాలు, జ్వరం ఎందుకొచ్చిందో ఎవరూ చూడరు. ఇక్కడ జ్వరానికి కారణం దొరికేసరికి తాగేదేమిటో ఎవరూ అడగలేదు.

పరీక్ష అయ్యాక డ్యూటీ పీజీ (పీజీ చదివే సీనియర్ డాక్టర్) అన్నని పట్టుకుని అడిగాను. డిశ్చార్జ్ కాగితంలో "ఆల్కహాలిక్" అని రాసి, లోరజెపామ్ ఐదు రోజులతో ఆపేయాలని పెట్టారు. అలవాటు పడింది ఆల్ప్రజోలమ్‌కైతే ఐదు రోజులు చాలవు, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి, లేకపోతే ఇంటికెళ్లాక మళ్లీ ఫిట్స్, మళ్లీ దుకాణం. అన్న కాసేపు ఆలోచించి ఆ లైను కొట్టేసి, సైకియాట్రీ రిఫరెన్స్ రాశాడు. డైలాక్సనైడ్ కూడా మర్చిపోయారు, అదీ రాయించాను.