కుడివైపు జానెడు

మా నాన్నగారు హైదరాబాదులో సిటీ బస్సు నడిపేవారు. చిన్నప్పుడు సెలవు రోజుల్లో నేను ఇంజన్ బానెట్ పక్కన కూర్చుని ఆయన చేతులనే చూస్తూ ఉండేవాడిని. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒకవైపు తోపుడు బండ్లు, మరోవైపు ఆగిన ఆటోలు ఉన్నా ఆయన బస్సును ఆపకుండా మెల్లగా పోనిచ్చేవారు. ఎడమవైపు ఏదైనా రాసుకుంటుందేమోనని నాకు గుండె దడదడలాడేది.

"నా పక్కన జానెడు ఉంచుకుని, మిగతా చోటంతా ఎడమకు వదిలేస్తాను" అని ఆయన చాలా ఏళ్ల తరువాత నాకు వివరించారు. మోటారు వాహన నిబంధనల ప్రకారం బస్సు వెడల్పు 2.6 మీటర్లు మించకూడదు. డ్రైవరు కుడి అంచున కూర్చుంటాడు కనుక ఆ వైపు దూరం కిటికీలోంచి తల వంచితే స్పష్టంగా తెలుస్తుంది. ఎడమ అంచు మాత్రం అద్దంలో తప్ప కనిపించదు. అందువల్ల సందులో బస్సు పడుతుందని ముందే తేల్చుకున్నాక, కనబడే వైపు ఖాళీని జానెడుకు కుదించుకుంటే మిగిలినదంతా కనబడని వైపుకే దక్కుతుంది. ఎడమ ముందు చక్రం ఎక్కడ నడుస్తోందో తెలియడానికి ఆయన ముందు అద్దం కింది అంచున ఒక చోటును గురుతు పెట్టుకున్నారు. చూపు ఆ చోటి మీదుగా రోడ్డుపై ఎక్కడ ఆనితే చక్రం అటే వెళ్లేది.

కొత్త బండి ఇచ్చిన వారం ఆయన కాస్త నెమ్మదిగా నడిపేవారు, "ఇంకా ఒంటికి పట్టలేదు" అనేవారు. ఈ మాట నాకు ఎంతో ఇష్టం. టోపీలో ఈక పెట్టుకున్న స్త్రీకి దేహ స్పృహ ఆ ఈక దాకా వ్యాపించవచ్చునని హెన్రీ హెడ్, గోర్డన్ హోమ్స్ అనే లండను నాడీ వైద్యులు 1911లో రాశారు. నాన్నగారి స్పృహ 12 మీటర్ల వెనుక బంపరు దాకా వ్యాపించేదని నేను నమ్ముతాను.

అసలు కష్టం మలుపులో ఉంటుంది. ముందు, వెనుక ఇరుసుల మధ్య 6 మీటర్ల దూరం ఉన్న బస్సు ముందు ఇరుసు 11 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతూ ఉంటే, వెనుక ఇరుసు దాదాపు 1.8 మీటర్లు లోపలికి జరిగి నడుస్తుంది. అందుకే ఎడమకు తిరిగేముందు బస్సును కుడివైపుకు బాగా తీసుకుని, ముందు భాగం మూల దాటేదాకా స్టీరింగ్ తిప్పకుండా ఓపిక పట్టాలి. స్టీరింగ్ తిప్పిన క్షణంలో వెనుక చక్రాల అవతల ఉన్న తోక కుడివైపుకు విసురుతుంది. పక్కన ఆగిన మోటారు సైకిలుకు ప్రమాదం అటునుంచే వస్తుంది.

బస్సును వెనక్కి తీయాల్సి వస్తే ఆయన తన కళ్లను నమ్ముకునేవారు కాదు. కండక్టరు దిగి, వెనుక మూలన నిలబడి, "రానీ, రానీ" అంటూ రేకు మీద అరచేతితో తడుతూ ఉండేవారు. ఆ చప్పుడు ఆగగానే నాన్నగారి కాలు బ్రేకు మీదకు వెళ్లేది.