అమ్మ జాకెట్టు కొలతలు

ఆమదాలవలసలో నాకు చిన్న టైలరింగ్ షాపుంది. అమ్మ జాకెట్లు నేనే కుడతాను, కొలతలు పుస్తకంలో రాసుకుంటాను. రెండేళ్ల క్రితం సంక్రాంతికి చేతి చుట్టు 11.5 అంగుళాలు. మొన్నటి సంక్రాంతికి 10. "సుగరున్నోలు సన్నబడితే మంచిదేనే" అంది అమ్మ. నేనూ ఊఁ కొట్టి కత్తెర పట్టుకున్నాను.

మతిమరుపు మాత్రం అందరికీ కనిపించింది. పొయ్యి మీద పాలు మాడిపోయేవి. నన్ను మా పిన్ని పేరు పెట్టి పిలిచేది. 74 ఏళ్లు కదా, మామూలే అనుకున్నాం. ఫోన్ చేస్తే "తినీసినానే" అనేది. అసలు సంగతి బియ్యం బస్తా చెప్పింది. సంక్రాంతికి వేయించిన 25 కిలోల బస్తా ఉగాది దాటినా మూడొంతులు అలాగే ఉంది.

శ్రీకాకుళంలో డాక్టరుగారు ముందు బరువు అడిగారు, తర్వాత మందులు. తొమ్మిదేళ్లుగా సుగరుకి మెట్‌ఫార్మిన్ మాత్ర. అది ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో బీ12 విటమిన్ తగ్గొచ్చట. వయసు మీద పడితే కడుపులో ఆమ్లం తగ్గి, తిన్నదాంట్లో ఉన్న బీ12 కూడా సరిగా ఒంటబట్టదట. పైగా నాన్న పోయాక అమ్మ నీచు మానేసింది. పాలంటే టీలో పోసుకునేవే. మిగతాదంతా చోడంబలి (రాగి అంబలి), ఉల్లిపాయ, ఆవకాయ. చోళ్లలో కాల్షియం బోలెడు, బీ12 మాత్రం లేదు. రక్తపరీక్షలో బీ12 140 వచ్చింది, 200 దాటాలన్నారు.

ఇంజెక్షన్లతో అంతా సర్దుకుంటుందని ఆశపడ్డాను. లోపం వల్ల వచ్చిన మరుపైతే, తొందరగా పట్టుకుంటే తగ్గొచ్చు, అల్జీమర్స్ అయితే విటమిన్‌తో పోదు అన్నారాయన. నడివయసులో ఊబకాయం డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు ముప్పు పెంచుతుందట. ముసలితనంలో భయపడాల్సింది ఊరికే బరువు తగ్గిపోతుంటే. మరుపు బయటపడడానికి కొన్నేళ్ల ముందే ఒళ్లు తగ్గడం మొదలవ్వొచ్చట. నాకు వెంటనే నా కొలతల పుస్తకం గుర్తొచ్చింది. తినక మరిచిపోయిందా, మరిచిపోయి తినలేదా? రెండూ అనుకుంటాను.

ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. గుడ్డు నీచు కాదని ఒప్పించడానికి పది రోజులు పట్టింది. పాలు, పెరుగు, పప్పు ఎదురుగా కూర్చుని తినిపిస్తున్నాను. చిల్లర లెక్క మళ్లీ కుదురుతోంది. పిన్ని పేరు మాత్రం పోలేదు.

ఒంట్లో కండ తగ్గలేదనడానికి పిక్క చుట్టు కనీసం 31 సెంటీమీటర్లు ఉండాలట. అమ్మది 28 ఉండేది, నిన్న 28.5. టేపు కొంచెం వదులుగా పట్టుకున్నానేమో.