కటేరి, శౌరయ్య, మా శనివారం పాఠం

మా గుంటూరు వైపు పాత క్యాథలిక్ ఇళ్లలో ఇన్నయ్య, శౌరయ్య, జోజప్ప, రాయప్ప అనే పేర్లు వినిపిస్తాయి. ఇగ్నేషియస్ మన నోట ఇన్నయ్య అయ్యాడు, జేవియర్ శౌరి అయ్యాడు. పీటర్ అంటే రాయి కాబట్టి రాయప్ప అయ్యాడు. నాకు ఇవి తాతల పేర్లు, అంతే. న్యూయార్క్ రాష్ట్రంలో, ఆల్బనీ దగ్గర పెరుగుతున్న మా పదకొండేళ్ల అమ్మాయి ఒక శనివారం వీటిని చరిత్ర పాఠంలోకి లాక్కొచ్చింది. ఇక్కడి మూలవాసులైన మోహాక్ తెగలో పుట్టిన పునీతురాలు కటేరి పాఠం అది. "అమ్మా, మోహాక్ వాళ్లు కేథరిన్‌ని కటేరి అన్నట్టే, మన తాతయ్యలు జేవియర్‌ని శౌరి అన్నారు కదా!" అంది. నేను అంతవరకు ఆ రెండింటినీ కలిపి ఆలోచించనే లేదు.

రెండేళ్లుగా శనివారం సాయంత్రం ఒక గంట, భోజనాల బల్ల దగ్గర, ఈ దేశం చరిత్రను క్యాథలిక్ కుటుంబంగా చదువుతున్నాం. బడి మీద కోపంతో మొదలుపెట్టలేదు. బడిలో కథ 1607లో ఇంగ్లిష్ వాళ్ల జేమ్స్‌టౌన్‌తో మొదలై 1620లో ప్లిమత్‌కు వెళ్తుంది. అంతకుముందే, 1565 సెప్టెంబర్ 8న, ఫ్లోరిడాలో స్పెయిన్ వాళ్లు దిగి పూజ చేయించుకున్న సెయింట్ అగస్టీన్ ఊరు ఉందని చెప్పాలనిపించింది. ఆ తేదీ చూడగానే నాకు వేళాంగణి యాత్ర గుర్తొచ్చింది. అది మరియమాత పుట్టిన పండుగ రోజు.

మాకు బాగా దగ్గరైంది మాత్రం కటేరి టెకక్విత. ఆమె పుట్టిన ఆరీస్‌విల్ మా ఇంటి నుంచి గంటలోపు ప్రయాణం. 1656లో పుట్టింది. తండ్రి మోహాక్, తల్లి అల్గాంక్విన్ అనే మరో తెగకు చెందిన క్రైస్తవురాలు. నాలుగేళ్ల వయసులో మశూచి వచ్చి అమ్మా నాన్నా పోయారు. పిల్ల బతికింది కానీ ముఖం మీద మచ్చలు మిగిలాయి, చూపు తగ్గింది. ఆ జబ్బు యూరప్ వాళ్లతో వచ్చిందే. ఆమెకు పదేళ్లప్పుడు, 1666లో, ఫ్రెంచ్ సైన్యం మోహాక్ ఊళ్లను తగలబెట్టింది. మరుసటి ఏడాది సంధి కుదిరాక అదే ఫ్రాన్స్ నుంచి వచ్చిన జెస్యూట్ (యేసుసభ) ఫాదర్లు ఆ ఊళ్లలో అడుగుపెట్టారు.

ఇక్కడ మా అమ్మాయి ఆగిపోయింది. "ఇల్లు కాల్చినవాళ్ల దేవుణ్ణి కటేరి ఎందుకు నమ్మింది?" అని అడిగింది. ఉపదేశి దగ్గర నేను నేర్చుకున్న జవాబులేవీ దీనికి సరిపోలేదు. ఆ దేవుడు ఫ్రెంచ్ వాళ్ల సొత్తు కాడనీ, తల్లి దగ్గరి నుంచే ఆయన పేరు కటేరి చెవిన పడి ఉంటుందనీ చెప్పాను. 1676లో ఈస్టర్ రోజున, ఇరవై ఏళ్ల వయసులో, ఆమె జ్ఞానస్నానం తీసుకుంది. సొంతవాళ్ల వేధింపులు భరించలేక మాంట్రియల్ దగ్గరి కానవాకెకు వెళ్లిపోయి, 1680లో అక్కడే కన్నుమూసింది. 2012లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. మా ఇంట్లో గుణదల మాత పటం పక్కన ఇప్పుడు కటేరి పటం ఉంది.

పేర్ల సంగతి వెతుకుతూ వెళ్తే ఇంకో దారి దొరికింది. సెబాస్టియన్ రాల్ అనే ఫ్రెంచ్ జెస్యూట్ ఇప్పటి మెయిన్ రాష్ట్రంలో అబెనాకీ మూలవాసుల మధ్య ఉండి వాళ్ల భాషకు నిఘంటువు రాశాడు. 1724లో ఇంగ్లిష్ వలసల దళాల దాడిలో చనిపోయాడు. అదే శతాబ్దంలో అదే సభకు చెందిన కూర్దో అనే ఫ్రెంచ్ గురువు మన తెలుగు నేర్చుకుని, తెలుగు, సంస్కృతం, ఫ్రెంచ్ కలిపి నిఘంటువు రాశాడు. ఆ సభ స్థాపకుడే ఇగ్నేషియస్. మన ఇన్నయ్యల పేరు ఆయనదే. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్ల కళ్లు మెరిశాయి. ఇది తన చరిత్ర కూడా అని ఆ రోజే దానికి తెలిసిందనుకుంటాను.

మేరీలాండ్ పాఠం అంత తేలిగ్గా గడవలేదు. 1634లో క్యాథలిక్కులు అక్కడికి వచ్చారు. తర్వాత 1704లో బహిరంగంగా పూజ చేయడాన్ని నిషేధించారు కాబట్టి ఇళ్లలోనే పూజ చూసేవారు. అంత బాధ పడినవాళ్లే తోటల్లో నల్లవాళ్లను బానిసలుగా పెట్టుకున్నారు. 1838లో అక్కడి జెస్యూట్లు 272 మందిని లూసియానాకు అమ్మేశారు. ఆ డబ్బులో కొంత వాళ్ల జార్జ్‌టౌన్ కాలేజీ అప్పులకు వెళ్లింది. అమ్ముడుపోయిన వాళ్లలో చాలామంది జ్ఞానస్నానం పొందినవాళ్లే.

"ఇంత చిన్నపిల్లకు ఇప్పుడే ఎందుకు, కాస్త పెద్దయ్యాక చెబుదాం" అని మావారు అన్నారు. నేను ఒప్పుకోలేదు. బయట ఎవరో చెబితే, అమ్మ దాచిపెట్టింది అనుకుంటుంది. పైగా ఒకే గుడిలో పూజ చూసి, చచ్చాక కులాలవారీగా వేరువేరు సమాధుల దొడ్లకు వెళ్లిన ఊళ్లు మనకు తెలియనివా? అది కూడా ఆ రోజే చెప్పాను. కెనడాలో మూలవాసుల పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి పెట్టిన బడుల గురించీ, 2022 జూలైలో పోప్ ఫ్రాన్సిస్ ఆల్బర్టాకు వెళ్లి క్షమాపణ అడగడం గురించీ తర్వాతి వారం చదివాం.

"ఆ 272 మందిని అమ్మిన రోజు కూడా ఫాదర్లు పూజ చేశారా అమ్మా?"

"చేసే ఉంటారు."

చాలాసేపు మాట్లాడలేదు. అమ్ముడుపోయినవాళ్ల పట్టికలో మొదటి పేరు ఏమిటని అడిగింది. ఐజాక్ హాకిన్స్ అని చెప్పాను. జార్జ్‌టౌన్‌లో ఇప్పుడు ఒక భవనానికి ఆయన పేరు పెట్టారు.

నవంబర్ 2, సమాధుల పండుగకు మా విచారణ (పారిష్) గుడిలో చనిపోయినవాళ్ల పేర్లు రాసేందుకు ఒక పుస్తకం పెడతారు. పోయిన ఏడాది మా అమ్మాయి అందులో ముందు మా నాయనమ్మ పేరు తెలుగులో రాసింది. దాని కింద ఐజాక్ హాకిన్స్ అని రాసి, పెన్ను నా చేతికిచ్చింది.